ఊరు గొప్ప, పేరు దిబ్బ

"పెంటదిబ్బ! పెంటదిబ్బ దిగేవాళ్ళు లేవండి!"

కండక్టరు గొంతు బస్సు ఆ చివరి దాకా పోయి వెనక అద్దానికి తగిలి తిరిగొచ్చింది. ఒక్కరూ లేవలేదు. డ్రైవరు బండి నెమ్మది చేసి, అద్దంలోంచి ఓసారి వెనక్కి చూసి, మళ్ళీ వేగం అందుకున్నాడు.

కిటికీ పక్కన ఒళ్ళో ట్యాబు పెట్టుకుని కూర్చున్న ఆవిడ చూపు రోడ్డు మీద లేదు. ఆఫీసులో ఆమెను అందరూ పేర్లమ్మ అంటారు. పటాల ఆఫీసులో ఊళ్ళ పేర్లు సరిచూసి రావడం ఆమె ఉద్యోగం. పటం మీద ఒక చుక్క ఉంటే దానికి ఒక పేరుండాలి, అదీ ఒక్కటే ఉండాలి. ఇన్నాళ్ళూ ఒకే ఊరిని పోస్టువాళ్ళు ఒకలాగా, కరెంటువాళ్ళు ఇంకోలాగా రాసుకుంటూ ఎవరి పాట వాళ్ళు పాడారు. ఇప్పుడు అందరికీ కలిపి ఒకే పటం తయారవుతోంది. అందులో పేరు ఖాయమైందంటే రోడ్డు పక్క బోర్డు, ఆస్పత్రి బండి, బస్సు టికెట్టు, ఫోనులో దారి చెప్పే ఆడగొంతు, అన్నీ ఆ పేరునే పట్టుకుంటాయి.

ఆమె చూపు పక్క సీటు ముసలామె మీద ఉంది. ముసలామె కాళ్ళ మధ్య ఖాళీ గంప ఉంది. కండక్టరు అరిచినప్పుడు ఆమె రెండు చేతులూ గంప అంచును గట్టిగా పట్టుకున్నాయి. కళ్ళు గంపలోకి దిగిపోయాయి, అందులో ఏదో పారేసుకున్నట్టు. ఆ స్టాపు దాటాక గానీ తల పైకి లేవలేదు.

తర్వాతి స్టాపులో ముసలామె దిగింది. ఆమె వెనకే తెల్ల యూనిఫాం మీద కండువా కప్పుకున్న ఒక నర్సు, ఎరువు సంచీ భుజానికెత్తుకున్న ఒక మగమనిషి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ముసలామెను చూస్తూ తన స్టాపు వదిలేసిన పేర్లమ్మా దిగింది. దిగినవాళ్ళందరూ ఏ మాటా లేకుండా బస్సు వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టారు.

పేర్లమ్మ అడుగు కలిపింది. "ఎక్కడికి పెద్దమ్మా?"

"ఇంటికి."

"ఇల్లెక్కడ?"

ముసలామె గడ్డంతో వెనకవైపు చూపించింది.

"మరి ఇందాకే దిగొచ్చుగా?"

"నడిస్తే తిన్నది అరుగుతుందిలే," అంది ముసలామె. పక్కన నడుస్తున్న నర్సు కండువా కొంచెం దగ్గరికి లాక్కుంది. అత్తాకోడళ్ళని నడకలోనే తెలిసిపోతోంది. కోడలు అడుగు పెద్దది, అత్త కోసం కురచ చేసుకుని నడుస్తోంది.

రోడ్డు దిగి ఎడమకి తిరిగితే నేల కాస్త ఎత్తుగా ఉంది. ఎక్కగానే కనిపించింది పచ్చదనం. చాప పరిచినట్టు మళ్ళు. ఒకదాంట్లో వంగ, ఒకదాంట్లో టమాటా, ఇంకోదాంట్లో మిరప, అంతా నారే. అప్పుడే విత్తనం వేసిన మళ్ళ మీద గడ్డి కప్పి ఉంది. మళ్ళకీ మళ్ళకీ మధ్య ఒక పాదం పట్టేంత గట్లు. వాటి చివర వరసగా ఇళ్ళు, సున్నం వేసినవి, వాకిలి ఊడ్చినవి. ఎక్కడా ఒక ఎండుటాకు లేదు.

"ఇదా పెంటదిబ్బ?" అని నోటిదాకా వచ్చిన మాటను పేర్లమ్మ మింగేసింది.

ఆ మింగడం ఎరువు సంచీ ఆయన చూడనే చూశాడు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని మైకు అంటారు. రహస్యం చెప్పినా రోడ్డు దాకా వినిపిస్తుంది. "అనండి మేడం, మేం అలవాటు పడ్డాం! మా తాతల నాడు టౌను చెత్తంతా ఇక్కడే పోసేవాళ్ళు. చెత్త మట్టయింది, మట్టిలో మేం మొలిచాం. పేరు మాత్రం కుళ్ళకుండా ఉండిపోయింది!"

ఆమె ఎవరో, ఎందుకొచ్చిందో తెలిసేసరికి గట్ల మీద జనం పోగయ్యారు. పేర్లమ్మ ట్యాబు తెరిచింది. పొద్దున కూడలిలో ఆమె టీ కొట్టాయన్ని అడిగింది, పంక్చర్లు వేసేవాణ్ణి అడిగింది, బండి మీద కూరగాయలమ్మే ఆవిణ్ణి అడిగింది, కండక్టర్ని అడిగింది. వేలు పెట్టి చూపించి "ఆ చోటు పేరేంటి?" అంటే అందరిదీ ఒకటే జవాబు. అందరూ నవ్వుతూనే చెప్పారు. అదే రాసుకుంది.

"ఆనందపురి అని రాయండి," అన్నాడు మైకు.

"ఎవరి ఆనందం? నీదా?" అంది ఒకావిడ. "పచ్చనగరం అనుకున్నాం కదా మొన్న!"

"నువ్వనుకున్నావు. నేను అప్పుడు మోటారు బాగు చేస్తున్నా."

"నీ మోటారు ఎప్పుడు బాగుంది గనక!"

పేర్లమ్మ నవ్వాపుకుంది. "అన్నయ్యా, పెట్టుకున్న పేరు రాయడానికి లేదు. పిలిచే పేరే రాయాలి. ఇక్కడివాళ్ళూ, చుట్టుపక్కలవాళ్ళూ నోటితో అనే పేరు. శుక్రవారం ఆఫీసులో ఖాయం చేసేస్తారు."

మైకు భుజం మీది ఎరువు సంచీ కిందికి దించాడు.

ముసలామె ఈ గొడవలో లేదు. గంప కింద పెట్టి, మడి పక్కన గొంతుక్కూర్చుని, ఒక చిప్పలో టమాటా విత్తనాలూ పొడి ఇసుకా కలుపుతోంది. విత్తనం ఒక్కచోటే కుప్పపడకుండా ఉండాలంటే ఇసుక తోడుండాలి. వేళ్ళ సందుల్లోంచి సన్నగా జార్చుకుంటూ, తలెత్తకుండా అడిగింది.

"అమ్మాయ్, ఆ ఫోనులో గొంతు కూడా అదే అంటుందా?"

"అంటుంది పెద్దమ్మా."

"కండక్టరంటే మనిషి. గొంతు బొంగురుపోతుంది, సెలవు పెడతాడు, ఎప్పటికో బుద్ధి మారుతుంది. అది సెలవు కూడా పెట్టదుగా."

పేర్లమ్మ ట్యాబు మూసి సంచీలో పెట్టుకుంది.

*

ఆఫీసరు చెడ్డవాడైతే ఆమెకు సుఖంగా ఉండేది. ఆయన కాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెప్పినదంతా విన్నాడు. బస్సు దిగి వెనక్కి నడిచేవాళ్ళ సంగతి దగ్గర కుర్చీలో సర్దుకున్నాడు.

"బాధగానే ఉందమ్మా. కానీ జాలిపడి ఒక పేరు మార్చామనుకో, రేపు ప్రతివాడూ తన వీధికి తాత పేరు పెట్టమని వస్తాడు. మన పని పేరు పెట్టడం కాదు, ఉన్నదాన్ని పట్టుకోవడం."

"ఉన్నది అదొక్కటేనంటారా?"

"నువ్వే కదా అడిగొచ్చావు," అన్నాడాయన మెత్తగా.

ఆ మాట ఆమెను ఇంటిదాకా వెంటాడింది. మొగుడు ఇంటి ముందు సైకిలు షాపులో చక్రం తిప్పుతూ, పుల్లలు బిగిస్తూ కూర్చున్నాడు. ఆమె ముఖం చూసి పక్కన స్టూలు తోశాడు.

"ఏమైందోయ్? ఊరు దొరకలేదా?"

"ఊరు దొరికింది. పేరే దొరకలేదు."

"అడిగితే చెప్పరా?"

"అడిగితే అందరూ ఒకటే చెప్తున్నారు. అదే గొడవ."

ఆయన చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, ఒక పుల్లను వేలితో మీటాడు. "వంకర ఎక్కడుందో చక్రాన్నే అడగాలి. పక్కన నిలబడి చూసేవాణ్ణి అడిగితే, చక్రం పాడైందంటాడు. వాడికి అంతే తెలుసు."

"మీరూ మీ చక్రాలూ!" అంటూ ఆమె లోపలికి పోయింది గానీ, అన్నం తింటున్నంతసేపూ ఆ మీటిన చప్పుడు చెవిలోనే ఉంది.

మర్నాడు పొద్దున మళ్ళీ కూడలికి వెళ్ళింది. ఏం అడగాలో తెలియక టీ చెప్పి బెంచీ మీద కూర్చుంది. టీ కొట్టాయన కొట్టు వెనక డబ్బాల్లో వంగమొక్కలు నాటుతున్నాడు. తడిగోనెలో చుట్టిన నారుకట్ట పక్కనుంది. అరటినారతో కట్టిన ముడి. ముందురోజు ముసలామె వాకిట్లో చూసిన ముడే.

"నారు బాగుందే. ఎక్కడి నుంచి తెచ్చావు?" అంది ఊరికే, టీ చల్లారేలోపు ఏదో ఒక మాటని.

"నారుమళ్ళ నుంచండీ."

గ్లాసు పెదవి దగ్గరే ఆగింది. "నారుమళ్ళంటే ఎక్కడ?"

"ఇదే రోడ్డున పోయి ఎడమకి దిగితే కాస్త ఎత్తుగా ఉంటుంది చూడండి…"

"అది పెంటదిబ్బ అన్నావుగా నిన్న?"

టీ కొట్టాయన మట్టిచేత్తోనే తల గోక్కున్నాడు. "అదీ అదేననుకోండి. మీరు చెయ్యి చూపించి అడిగారు, నలుగురనేది చెప్పాను. మొక్క తెచ్చుకునేటప్పుడు ఆ మాట ఎవరంటారండీ! రేపు కూరలో పడాల్సింది!"

పేర్లమ్మ టీ పూర్తిచేయలేదు. ఆ కట్టలోంచి నాలుగు మొక్కలు అడిగి తీసుకుని, తడిగుడ్డలో చుట్టి పట్టుకుంది. ఆ రోజంతా ఆమె ఎవర్నీ పేరు అడగలేదు. చేతిలో మొక్కలు చూపించి, "ఇలాంటి నారు ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది. పంక్చర్లవాడు పంపు కొట్టడం ఆపకుండానే "నారుమళ్ళలో" అన్నాడు. కూరగాయల ఆమె, "నారుమళ్ళకి పోమ్మా, వేరేచోట కొంటే సగం చస్తాయి" అంది. పొలం నుంచి వస్తున్న రైతును ఆపి అడిగితే, ఆయన దారంతా చెప్పి, "నారుమళ్ళలో పెద్దామె ఉంటుంది, నా పేరు చెప్పు, చూసి ఇస్తుంది" అని పూచీ కూడా పడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు. పనిమీద అనే మాటకు నవ్వెందుకొస్తుంది?

మధ్యాహ్నం బస్సెక్కింది. కండక్టరు టికెట్టు మిషను నొక్కుతూ దగ్గరికొచ్చాడు. "ఎక్కడికి మేడం? ఇవాళ కూడా పెం…"

"ఆగండి. మీ ఇంట్లో మొక్కలున్నాయా?"

"మొక్కలా? అడవే ఉంది. మా ఆవిడకు మిరపపిచ్చి. పోయిన ఆదివారమే నారుమళ్ళ నుంచి…" అని ఆగిపోయాడు. మిషను మీద బొటనవేలు అలాగే ఉండిపోయింది. ఆమె చేతిలో తడిగుడ్డ వైపు చూశాడు, ఆమె ముఖం చూశాడు. తర్వాత ముందు సీటువాళ్ళు తిరిగి చూసేలా నవ్వాడు.

"దొరికిపోయాను మేడం! పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. ఇక్కడ సామెత తిరగబడింది. ఊరు గొప్ప, పేరు దిబ్బ!"

"మరి రోజూ ఎందుకరుస్తారు?"

"మిషన్లో అదే ఉంది. నా ముందున్నాయనా అదే అరిచాడు. ఈ అరుపుకి ఒకరు లేచిన పాపాన పోలేదు. దిగేవాళ్ళే లేరు, స్టాపు తీసేద్దాం అని డిపోలో నేనే అన్నా." ఆయన నవ్వు మెల్లగా సద్దుమణిగింది. వెనక వరసలో గంపలు పట్టుకుని కూర్చున్నవాళ్ళ వైపు చూసి, చెవి గోక్కున్నాడు. "ఉన్నారన్నమాట."

"మీ మాట నా దగ్గర రాసుకోవచ్చా?"

"రాసుకోండి. ఆ రెండో పేరే రాసుకోండి," అన్నాడు.

సాయంత్రం ఆఫీసరు ఆమె రాసుకొచ్చినవన్నీ చదివాడు. ఎవరు, ఎక్కడ, ఏ పనిలో ఉండగా ఆ మాటన్నారో అన్నీ ఉన్నాయి. కళ్ళజోడు నుదుటి మీదికి పోయింది, మళ్ళీ కిందికొచ్చింది.

"ఇది పెట్టిన పేరు కాదు," అన్నాడు చివరికి. "నిక్షేపంలాంటి పేరు. నారుమళ్ళు." రెండుసార్లు మెల్లగా అనుకుని చూసుకున్నాడు, పళ్ళ మధ్య గింజ కొరికి చూసినట్టు. "ఖాయం చేద్దాం. కానీ ఒకటుందమ్మా. పాత పేరును 'ఇతర పేర్లు' అనే గడిలో వెయ్యాలి. అది కూడా వాడుకలో ఉన్నదే. దాచడానికి మనకు హక్కు లేదు."

"తెలుసు సార్."

"పటం మీద కనబడదులే. అయినా చెప్పకుండా వేస్తే రేపు వాళ్ళే వెతికి చూసుకుంటారు, మనల్ని మోసగాళ్ళంటారు. ముందు వెళ్ళి చెప్పు. వాళ్ళు వద్దంటే వద్దని రాసుకురా, పైవాళ్ళతో నేను మాట్లాడతా."

*

గురువారం ఎండ ఇంకా ముదరలేదు. పీకబోయే మళ్ళకు చిల్లుల డబ్బాలతో నీళ్ళు పోస్తున్నారు. రెండు రోజులు నీళ్ళాపి నారును గట్టిపరచి, పీకే ముందు మడి తడిపితే వేరు తెగకుండా వస్తుంది. ముసలామె మడి అంచున కూర్చుని, మొక్క మొదట్లో రెండు వేళ్ళు పెట్టి, పసిబిడ్డ గుప్పిట్లోంచి ఏదో విడిపిస్తున్నట్టు ఒక్కో మొక్కా తీస్తోంది. కోడలికి ఇవాళ ఆస్పత్రి సెలవు. అత్త అందించినవి కట్టలు కడుతోంది.

పేర్లమ్మ విషయం చెప్పింది.

"నారుమళ్ళా?" అన్నాడు మైకు. "అది పేరెలా అవుతుంది మేడం? అది మా పని! ఆనందపురి అంటే ఒక…"

"మైకు మామయ్యా," అంది కోడలు, కట్ట ముడి పళ్ళతో బిగించి. "మొన్న టౌనులో తప్పిపోయి ఫోను చేసి, ఏ బస్సు ఎక్కాలి అనడిగావు కదా. ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"నారుమళ్ళకి ఏ బస్సొస్తుందే అన్నావు."

"ఇంటికని అన్నా! అది ఇల్లు! పేరు వేరు, ఇల్లు వేరు."

గట్ల మీద నవ్వులు లేచాయి. పచ్చనగరం ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఊరందరికీ తెలిసిన పేరును మనం పేరనుకోలేదు, చూశావా!" అంది. మైకు కూడా ఓడిపోయి నవ్వాడు. ఆయన నవ్వు రోడ్డు దాకా వినిపించింది.

నవ్వులు ఆగేదాకా పేర్లమ్మ ఆగింది.

"ఇంకొకటి చెప్పాలి. పాత పేరు పూర్తిగా పోదు. లోపల ఇంకో గడిలో ఉంటుంది. పటం మీద కనబడదు, బోర్డు మీద ఉండదు, బస్సులో అరవరు. కానీ ఎవరైనా ఆ పేరు కొట్టి వెతికితే, ఇక్కడికి దారి చూపిస్తుంది."

చిల్లుల డబ్బాలోంచి ఆఖరి చుక్కలు రాలాయి. మళ్ళీ నింపడానికి ఎవరూ కదల్లేదు.

"అయితే ఏం మారినట్టు?" అన్నాడు మైకు. ఈసారి గొంతు పెద్దది కాలేదు. "అటక మీద దాచినట్టేగా. చెరిపేయమనండి."

"మీరంతా వద్దంటే అలాగే రాసుకుపోతాను. ఆఫీసరుగారు మాట్లాడతానన్నారు."

"వద్దు," అన్నారు నలుగురు. "వద్దు," అంది కోడలు, అందరికంటే మెల్లగా. ఆమె చేతిలో కట్ట ముడి పడకుండానే ఉంది.

అందరూ ముసలామె వైపే చూస్తున్నారు. పైకి అనకపోయినా, వాళ్ళందరిలో ఆ రోడ్డు మీద ఎక్కువ ఏళ్ళు నడిచింది ఆమే. వరసలో ఆ చివరి మొక్క దాకా తీసి, వేళ్ళకంటిన మట్టి మడిలోనే రాల్చి, అప్పుడు తలెత్తింది.

"అమ్మాయ్. ఆ పేరు తీసేశారనుకో. దాంతో వెతికేవాడు ఎక్కడికి పోతాడు?"

"ఎక్కడికీ పోలేడు పెద్దమ్మా. అలాంటి చోటు లేదని వస్తుంది."

"దూరం నుంచి వచ్చేవాడికి మన పేరు తెలియదు కదా. ఎవడో ఆ పేరే చెప్పి పంపిస్తాడు."

"అవును."

"ఆస్పత్రి బండివాడికీ అంతే."

"వాడికీ అంతే."

ముసలామె కాసేపు మడి వంక చూసింది. నారు తీసిన చోట నేల నల్లగా, మెత్తగా ఉంది. పిడికెడు తీసి నలిపి, వేళ్ళ సందుల్లోంచి వదిలింది.

"ఉంచు," అంది.

"అత్తయ్యా!"

"ఉండవే. నువ్వు ఆస్పత్రిలో మనిషి ఏ పేరు చెప్పుకుంటూ వచ్చాడో చూసి మందిస్తావా?" ముసలామె పేర్లమ్మ వైపు తిరిగింది. "ఉంచమ్మా. ఆ పేరు పట్టుకుని బయల్దేరినవాడు కూడా దారి తప్పకుండా మా వాకిట్లోకే రావాలి. వచ్చి మళ్ళు చూస్తాడు, నారు కొనుక్కుంటాడు, మంచినీళ్ళు తాగుతాడు. ఇంటికి పోయాక ఎక్కడికి పోయొచ్చావంటే ఏం చెప్పాలో వాడికే తెలుస్తుంది."

మైకు ఖాళీ డబ్బా తీసుకుని తొట్టి వైపు నడిచాడు. సగం దారిలో వెనక్కి తిరిగి, "అయితే పైన మాత్రం పెద్ద అక్షరాలు వెయ్యమనండి మేడం!" అని అరిచాడు.

పేర్లమ్మ గట్టు మీద కూర్చుని రెండు గడులూ నింపింది. ట్యాబు ముసలామె ముందు పెట్టి, ఇక్కడ నొక్కితే అయిపోతుందని చూపించింది. తడి వేలికి అద్దం పలకలేదు. ముసలామె వేలు చీర కుచ్చిళ్ళకు శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ నొక్కింది. ఈసారి పలికింది.

"అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"మరి లేవండందరూ. ఎండెక్కితే నారు వాడిపోతుంది," అంటూ ఆమె పక్క మడికి జరిగింది. కోడలు చేతిలో ఆగిపోయిన ముడి బిగించి, తర్వాతి కట్టకు చెయ్యి చాపింది.